మోటారు సైకిలు హ్యాండిలు కోనుసెట్టు: పరీక్ష, సవరణ, మార్పిడి

గ్రామసీమలలో మోటారు సైకిలు నేడు విలాసవస్తువు కాదు. పాల క్యానులను కేంద్రమునకు చేర్చునది అదియే. ఎరువుబస్తాను పొలముగట్టు వరకు మోయునది అదియే. పిల్లలను బడికి, రోగిని ఆసుపత్రికి కొనిపోవునది అదియే. ఇంత సేవచేయు వాహనమునకు మనము చేయు పోషణ ఏపాటిది? ఇంజను నూనె మార్పించుట, చెయిను బిగించుట, టైర్లలో గాలి నింపించుట, సామాన్యముగా ఇంతటితో సరి. హ్యాండిలు క్రింద, చాసీ మెడలో దాగియున్న రెండు వరుసల ఉక్కు గుండ్లను గూర్చి తలచువారు అరుదు. అవి పాడైన సంగతి పెక్కుసార్లు మలుపులోనో, గట్టిగా బ్రేకు వేసిన వేళనో బయటపడును. అప్పటికి వెనుక కూర్చున్నవారి క్షేమము కూడ ఆ గుండ్లపైననే ఆధారపడియుండును.

ఈ భాగమును మెకానిక్కులు కోనుసెట్టు అనియు, బాల్ రేసరు అనియు పిలుతురు. దానిని గూర్చి మేము చెప్పదలచిన ముఖ్యవిషయ మొక్కటియే. వదులైన కోనుసెట్టును సవరించి బాగుచేయవచ్చును. గుంటలు పడిన కోనుసెట్టు ఎంత బిగించినను బాగుపడదు, పైగా మరింత అపాయకరమగును. ఈ రెండింటికి గల భేదమును ఇంటియొద్దనే, పది నిమిషములలో, దాదాపు ఏ పనిముట్టును లేకయే తెలిసికొనవచ్చును. ఆ పరీక్షను, దాని తరువాత చేయవలసిన పనులను క్రమముగా వివరించెదము.

కోనుసెట్టు అనగా నేమి?

సైకిలు హ్యాండిలును విప్పగా చూచినవారికి ఇది క్రొత్త కాదు. సైకిలు మెడలో పైన నొక కప్పు, క్రింద నొక కప్పు ఉండును. ఫోర్కు కాడకు కోనులుండును. కప్పునకు, కోనుకు నడుమ గ్రీజులో ఉక్కు గుండ్లు వరుసగా కూర్చబడియుండును. హ్యాండిలు త్రిప్పినపుడు ఈ గుండ్లు దొర్లును. కనుక ఇనుము ఇనుమును రాయక, వ్రేలితో త్రోసినను చక్రము తిరుగును. మోటారు సైకిలులో నున్నదియు ఇదే ఏర్పాటు. బలము మాత్రమే హెచ్చు. ముందు షాకబ్జర్లను పట్టియుంచు రెండు అడ్డుపట్టీలను పై టీ, క్రింది టీ అందురు. క్రింది టీకి అతికియున్న కాడ చాసీ మెడగుండా పైకి వచ్చి, పై టీలో నట్టుతో బిగింపబడును. పై టీకి దిగువన గాడులు గల గుండ్రని నట్టు కలదు. కోనుసెట్టు బిగువును నిర్ణయించునది ఆ నట్టే.

దొర్లు గుండ్లతో రాపిడిని తగ్గించుట పాత ఉపాయమే. వేల్సు దేశమున కార్మార్థెన్ పట్టణమునకు చెందిన ఫిలిప్ వాన్ 1794లో బండి ఇరుసునకు గుండ్ల బేరింగు నమర్చి పేటెంటు పొందెను. పారిస్ నగరమున సైకిళ్ల పనివాడగు జూల్ సురిరే 1869లో సైకిలు చక్రములకు గుండ్ల బేరింగులపై పేటెంటు పొందెను. ఆ సంవత్సరము నవంబరులో పారిస్ నుండి రువాన్ వరకు జరిగిన పందెములో గుండ్ల బేరింగులు గల సైకిలునెక్కిన జేమ్స్ మూర్ గెలుపొందెను. అమెరికాలో సెయింట్ లూయీ నగరమున బండ్లు తయారుచేయు హెన్రీ టిమ్‌కెన్ 1898లో గుండ్లకు బదులు ఏటవాలు రోలర్లు గల బేరింగునకు పేటెంటు పొందెను. నేటి మోటారు సైకిళ్లలో కొన్నిటికి విడిగుండ్లు, కొన్నిటికి పంజరములో కూర్చిన గుండ్లు, మరికొన్నిటికి ఈ ఏటవాలు రోలర్లు ఉన్నవి.

ఎందుకు పాడగును?

చక్రములోని బేరింగు బండి నడచునంతసేపు పూర్తి చుట్లు తిరుగును. కనుక అరుగుదల అంతట సమముగా పంచబడును. హ్యాండిలు గుండ్ల సంగతి వేరు. బండి నడచు కాలములో అధికభాగము హ్యాండిలు సూటిగనే యుండును. ప్రతి గుండును ఒకే తావున నిలిచియుండి, గోతిలో చక్రము పడినపుడెల్ల అచ్చటనే దెబ్బను తినును. రోకలి ఒకేచోట పడిన రోటి అడుగు గుంటపడినట్లు, కొంతకాలమునకు కప్పులోను కోనులోను గుండునకొక చిన్న గుంట ఏర్పడును. స్వీడను దేశపు లోహశాస్త్రజ్ఞుడు యోహాన్ ఆగస్ట్ బ్రినెల్ గట్టి ఉక్కు గుండును లోహముపై నొక్కి, పడిన గుంటను కొలిచి, లోహపు కాఠిన్యమును నిర్ణయించు పద్ధతిని 1900లో ప్రకటించెను. అందుచేత బేరింగులలో పడు ఈ గుంటలకును ఆయన పేరే నిలిచినది.

దెబ్బ ముందుగా తగులునది క్రింది వరుసకే. ముందుభాగపు బరువును, గోతుల అదురును అది భరించును. టైరు చిమ్ము నీరు, బురద చేరునదియు అచ్చటికే. పెద్ద పీడనముతో నీటిని చిమ్మి బండిని కడిగించునపుడు ఆ ధార మెడకు తగిలినచో నీరు లోనికి చొచ్చి గ్రీజును కడిగివేయును. పిదప తుప్పు పట్టును. ఇక నట్టు వదులైనచో గుండ్లు దొర్లుటకు మారుగా ఎగిరి కొట్టుకొనును. అధికముగా బిగిసినచో గుండ్లు ఉక్కును నలిపివేయును. వదులును, బిగువును రెండును చేటే.

పరీక్షించు విధము

బండిని సమతలముపై సెంటరు స్టాండు వేసి నిలుపవలెను. ముందు చక్రము నేలనుండి లేచియుండుట అవసరము. ఇంజను అడుగున చెక్కముక్కనుంచి, దాని క్రింద జాకీని గాని, దృఢమైన దిమ్మను గాని అమర్చవచ్చును. పొగగొట్టము క్రింద మాత్రము ఆధారము పెట్టరాదు. సెంటరు స్టాండు లేని బండిని సైడు స్టాండుపై లేపి పని చేయుట ప్రమాదము. వెనుక చక్రమునకు తగిన స్టాండు ఉండవలెను. ఒకరు వెనుకనుండి బండిని పట్టుకొనియుండుట మంచిది.

మొదటి పరీక్ష ఊపు పరీక్ష. ముందు కూర్చుండి, రెండు షాకబ్జర్ల అడుగుభాగములను రెండు చేతులతో పట్టి, ముందునకు వెనుకకు లాగి త్రోయవలెను. అదే సమయమున రెండవవారు క్రింది టీకి, చాసీ మెడకు నడుమ గల సందుపై వ్రేలినుంచవలెను. అచ్చట కదలిక వ్రేలికి తగిలినచో కోనుసెట్టు వదులైనదని అర్థము. చప్పుడు వినబడియు ఆ సందులో కదలిక లేనిచో దోషము వేరొకచోట నున్నది. షాకబ్జర్ల లోపలి బుష్షులు అరిగినను, చక్రపు బేరింగు పోయినను ఇట్టి చప్పుడే వచ్చును. చక్రమును పై అంచున, క్రింది అంచున పట్టి ప్రక్కలకు ఊపినచో చక్రపు బేరింగు సంగతి తెలియును. ఈ భేదము నెరుగక ప్రతి చప్పుడునకు హ్యాండిలు నట్టునే బిగించుట మన గ్రామములలో తరచుగా జరుగు పొరపాటు.

రెండవది గుంటల పరీక్ష. హ్యాండిలును రెండు వ్రేళ్లతో పట్టి, ఒక చివరనుండి మరియొక చివరకు మెల్లమెల్లగా త్రిప్పవలెను. మంచి కోనుసెట్టు నూనెలో జారినట్లు కదలును. సూటిగా నున్న స్థానమునకు రాగానే హ్యాండిలు తనంతట తానే ఒక గాడిలో కూర్చున్నట్లు ఆగి, కొంచెము బలము చేసిన గాని బయటికి రానిచో కప్పులలో గుంటలు పడినవని నిశ్చయింపవచ్చును. గరగరమని తగిలినచో తుప్పు గాని, ఇసుక గాని లోపల చేరినది.

మూడవది బిగువు పరీక్ష. హ్యాండిలును సూటిగానుంచి, ఒక ప్రక్కకు వ్రేలితో మెల్లగా తట్టవలెను. ముందు చక్రము తన బరువుచే ఆ ప్రక్కకు చివరి వరకు వాలవలెను. రెండవ ప్రక్కకు కూడ అట్లే వాలవలెను. నడుమ ఆగినచో కోనుసెట్టు అధికముగా బిగిసియున్నది. లేదా గ్రీజు ఎండిపోయినది. కేబుళ్లు, వైర్లు అడ్డుపడినను చక్రము ఆగవచ్చును. వానిని ప్రక్కకు తొలగించి తిరిగి చూడవలెను.

మూడు పరీక్షల ఫలితమును ఇట్లు గ్రహింపవలెను. ఊపు ఉండి, గుంటలు లేనిచో సవరణ చాలును. ఊపు లేక, గుంటలు లేక, బిగువు మాత్రమే యున్నచో నట్టును కొంచెము సడలించి చూడవలెను. సడలించినను కదలిక మొద్దుగా నున్నచో విప్పి శుభ్రపరచి క్రొత్త గ్రీజు పెట్టవలెను. గుంటలు తగిలినచో, ఊపు ఉన్నను లేకున్నను, మార్పిడి తప్పదు.

గుంటలున్న దానిని బిగించుట ఏల కూడదు?

ద్విచక్రవాహనమును సూటిగా నడపునపుడు సైతము మన చేతులు హ్యాండిలును క్షణక్షణము అణుమాత్రము ఇటు నటు త్రిప్పుచునే యుండును. ఆ సన్నని సవరణలే బండిని నిలబెట్టును. గుంటలు పడినచో హ్యాండిలు మొదట కదలక మొరాయించి, పిదప ఒక్కసారిగా కావలసినదానికంటె ఎక్కువ తిరుగును. దానిని సరిదిద్దబోగా రెండవ వైపునను అట్లే జరుగును. బండి పాముపోక పోవును. బిగించినకొలది గుండ్లు గుంటలలో మరింత గట్టిగా కూర్చుండును. ఊపు తగ్గినది కనుక బాగైనదని యజమాని సంతోషించును. తడిసిన దారిలో గాని, ఇసుక మేటపై గాని చక్రము జారి, చటుక్కున సరిదిద్దుకొనవలసిన వేళ హ్యాండిలు మాటవినదు. వెనుక బస్తాయో, ఇద్దరు మనుష్యులో ఉన్నపుడు ముందు చక్రముపై భారము తగ్గి, హ్యాండిలు వణకు గుణము మరింత హెచ్చును.

సవరించు విధము

దీనికి కావలసినవి గాడుల నట్టునకు సరిపోవు హుక్కు స్పానరు, పై నట్టునకు తగిన రింగు స్పానరు లేక సాకెట్టు, షాకబ్జర్ల పై బోల్టులకు తగిన స్పానరు లేక ఎల్-కీ. గాడులలో ఉలినుంచి సుత్తితో కొట్టి నట్టును త్రిప్పుట పెక్కుచోట్ల కనబడును. దానివలన గాడులు విరుగును, ఎంత బిగిసెనో చేతికి తెలియదు. హుక్కు స్పానరు ఖరీదు స్వల్పమే; నలుగురు కలిసి ఒకటి కొనియుంచుకొనవచ్చును.

పెట్రోలు ట్యాంకుపై మందపు గుడ్డ పరచవలెను. హ్యాండిలు అడ్డుగా నున్నచో దాని బిగింపులు విప్పి, బ్రేకు ఆయిలు డబ్బా నిటారుగా నుండునట్లు ట్యాంకుపై ఆనించవలెను. తరువాత, పై టీని షాకబ్జర్లకు పట్టియుంచు బోల్టులను వదులు చేయవలెను. ఈ పని చేయనిచో పై టీ కదలక, సవరణ సరిగా కుదరదు. పిమ్మట కాడ పైనున్న పెద్ద నట్టును వదులు చేయవలెను. అప్పుడు గాడుల నట్టును హుక్కు స్పానరుతో చుట్టులో 8వ వంతు మాత్రమే త్రిప్పి, ఊపు పరీక్షను, బిగువు పరీక్షను చేయవలెను. చాలనిచో మరల అంతే త్రిప్పవలెను. ఊపు పూర్తిగా పోయి, చక్రము ఇరువైపులకు స్వేచ్ఛగా వాలు స్థానమే సరియైనది.

సరియైన స్థానము దొరకగానే పని ముగిసినదని తలపరాదు. పై నట్టును బిగించినపుడు అది గాడుల నట్టును కొంచెము క్రిందికి నొక్కును, బిగువు పెరుగును. కనుక ముందు పై నట్టును, తరువాత షాకబ్జర్ల బోల్టులను బిగించి, మూడు పరీక్షలను మరల చేయవలెను. బిగువు మిక్కుటమైనచో తిరిగి వదులు చేసి, గాడుల నట్టును ఒకింత వెనుకకు త్రిప్పి, క్రొత్తగా బిగింపవలెను. రెండు మూడు మారులు ఇట్లు చేయవలసివచ్చుట సహజమే. ఏ నట్టును ఎంత బలముతో బిగింపవలెనో ఆ వాహనపు సర్వీసు పుస్తకములో నుండును, దానినే అనుసరింపవలెను.

మార్చు విధము

మార్పిడికి ఒక పూట పట్టును. కప్పులు, కోనులు, గుండ్లు అన్నియు ఒకే సెట్టుగా కొనవలెను. పాత కప్పులలో క్రొత్త గుండ్లు వేయుట డబ్బు దండుగ. గుంట కప్పులోనే యున్నది, గుండు మార్చినంతమాత్రమున అది పూడదు.

ముందు చక్రము, మడ్‌గార్డు, హ్యాండిలు, షాకబ్జర్లు వరుసగా విప్పవలెను. డిస్కు బ్రేకు గల బండిలో క్యాలిపరును దాని గొట్టముపై వ్రేలాడనీయక తీగతో కట్టియుంచవలెను; డిస్కు నుండి తీసిన పిదప బ్రేకు పిడిని నొక్కరాదు. ఏబీఎస్ గల బండిలో చక్రమువద్దనున్న సన్నని వైరు తెగకుండ చూచుకొనవలెను. కేబుళ్లు, వైర్లు ఏ దారిని పోయినవో ముందే ఫోను కెమేరాతో చిత్రము తీసికొనుట మంచిది.

గాడుల నట్టును పూర్తిగా విప్పుటకు ముందు క్రింది టీని ఒక చేతితో పట్టుకొని, దిగువన వెడల్పు పళ్లెమును గాని, గుడ్డను గాని పరచవలెను. విడిగుండ్లు జలజల రాలును. పై వరుసవి, క్రింది వరుసవి వేర్వేరు గిన్నెలలోనుంచి లెక్కింపవలెను. రెండు వరుసలలో గుండ్ల సంఖ్య గాని, పరిమాణము గాని వేరుగా నుండవచ్చును. చాసీ మెడను కిరోసినుతో గాని, డీజిలుతో గాని కడిగి, పొడిగుడ్డతో తుడువవలెను. ఆ సమీపమున బీడి, దీపము, పొయ్యి ఉండరాదు.

కప్పును తీయుటకు పొడవైన ఇనుప కడ్డీని మెడ రెండవ చివరనుండి లోనికి పంపి, కప్పు లోపలి అంచుపైనుంచి, ఒకమారు ఈ వైపున, ఒకమారు ఎదురు వైపున కొట్టుచు సమముగా బయటికి తేవలెను. ఒక వైపుననే కొట్టినచో కప్పు వంకరబోయి మెడను గీరును. కాడ అడుగుననున్న కోనును తీయుట కష్టతరము. రెండు వైపుల సమముగా లేపవలెను. దాని క్రింది దుమ్ము వాషరును కూడ మార్చవలెను.

క్రొత్త కప్పును ఒక రాత్రి ఫ్రిజ్జులోని ఐసుపెట్టెలో నుంచినచో ఉక్కు కొంచెము ముడుచుకొని సులభముగా దిగును. పాత కప్పును దానిపై బోర్లించి, మెల్లమెల్లగా, నలువైపుల సమముగా కొట్టవలెను. గుండ్లు దొర్లు నున్నని తలముపై సుత్తిగాని, కడ్డీగాని తగులరాదు. కప్పు అడుగునకు పూర్తిగా ఆనగానే దెబ్బ చప్పుడు మారి గట్టిగా మ్రోగును. అడుగున సందు మిగిలిపోయినచో కొన్ని దినములకే కప్పు దిగి, హ్యాండిలు మరల వదులగును. కోనును దింపుటకు కాడకు సరిపోవు గొట్టమును వాడవలెను.

కప్పులలో నెం. 2 లిథియము గ్రీజును దట్టముగా పూసి, గుండ్లను ఒక్కొక్కటిగా అందులో నాటవలెను. గ్రీజే వానిని రాలకుండ పట్టియుంచును. సంఖ్య సర్వీసు పుస్తకములో నున్నట్లే యుండవలెను. వరుసలో కొంచెము ఖాళీ మిగులుట సహజము. దానిని పూడ్చుటకు మరియొక గుండును ఇరికింపరాదు. పిమ్మట క్రింది టీని పైకెత్తి, పై గుండ్లు చెదరకుండ కోనును, గాడుల నట్టును ఎక్కింపవలెను. నట్టును కొంచెము గట్టిగా బిగించి, టీని ఈ చివరనుండి ఆ చివరకు పలుమార్లు త్రిప్పినచో గుండ్లు తమ స్థానములలో కుదురుకొనును. అటుపిమ్మట నట్టును సడలించి, సవరణలో చెప్పిన రీతిగనే బిగువును నిర్ణయింపవలెను.

రోడ్డెక్కుటకు ముందు

విప్పిన ప్రతి బోల్టును వరుసగా చేతితో తాకి చూడవలెను. బ్రేకు పిడిని గట్టిపడు వరకు పలుమార్లు నొక్కవలెను. బండిని ఆరుబయట నిలిపి, ఇంజనును మెల్లగా నడుపుచు హ్యాండిలును ఇరుచివరలకు త్రిప్పవలెను. వేగము హెచ్చినచో యాక్సిలరేటరు కేబులు ఎక్కడనో లాగబడుచున్నది. దానిని సరిచేయక బయలుదేరుట ప్రాణాపాయము. మొదటి ప్రయాణము ఒంటరిగా, హెల్మెట్టు ధరించి, నిర్జనమైన దారిలో, మెల్లగా చేయవలెను. క్రొత్త కప్పులు కుదురుకొనుచున్నకొలది కొంచెము వదులు ఏర్పడుట సహజము. కనుక కొన్ని వందల కిలోమీటర్లు నడచిన పిదప పరీక్షలను మరల చేయవలెను.

ఇందులో ఏది ఇంట చేయదగినది? పరీక్షను ప్రతి యజమానియు చేయవచ్చును. సవరణను హుక్కు స్పానరు, కొంత ఓర్పు గలవారు చేయవచ్చును. మార్పిడి చేయి తిరిగినవారి పని. కప్పు మెడలో వంకరగా దిగుచున్నను, కోను కాడనుండి రాకున్నను, అచ్చటితో ఆగి మెకానిక్కును ఆశ్రయించుట వివేకము. ఏటవాలు రోలర్లు గల బండ్లలో బిగువు లెక్క వేరు. దానిని సర్వీసు పుస్తకము ప్రకారమే చేయవలెను. పనిని మెకానిక్కునకు అప్పగించినను మనకు తెలిసినది వృథా పోదు. గుంటలున్నవని మనమే పరీక్షించి తెలిసికొనినచో, బిగించి పంపిన చాలునను మాటకు మనము లోబడము. కప్పులతో సహా సెట్టు మార్చుమని అడుగగలము. బండి చేతికి వచ్చిన పిదప అచ్చటనే చక్రము లేపించి, మూడు పరీక్షలు చేసి మరీ సొమ్ము చెల్లింపగలము.

ఏడాదికి రెండుమారులు, వానలకు ముందొకసారి, వానలు వెలిసిన పిదప నొకసారి, ఈ పది నిమిషముల పరీక్షను అలవాటు చేసికొనుడని గ్రామీణ సోదరీసోదరులకు మా సూచన. ఇంటిలో ఒకరు నేర్చినచో, చక్రమును లేపిన ఆ కొద్దిసేపటిలోనే ఇరుగుపొరుగువారి బండ్లను కూడ చూడవచ్చును. ఖర్చు లేని పని ఇది. గాడిలో చిక్కిన హ్యాండిలును పెరటిలో వ్రేలితో కనుగొనుట సులభము. ఘాటు మలుపులో, వెనుక బిడ్డను కూర్చుండబెట్టుకొని కనుగొనుట కడు దుస్సహము.